ఇసుక తలుపు, నాచు తలుపు

బూర్గంపాడు నుండి అడవి వైపు వెళ్ళే దారిలో, పత్తిచేలు ముగిసి టేకుచెట్లు మొదలయ్యే చోట ఒక సాగునీటి చెరువు ఉన్నది. దాని కట్టమీద, తూముకు కొంచెం ఎడంగా, రేకుల కప్పు వేసిన ఒంటిగది ఒకటి కనబడుతుంది. పగటిపూట ఆ గది తలుపు మూసే ఉంటుంది. దారిన పోయే కొత్తవారు అది పాడుబడిన మోటారుకొట్టమని అనుకొంటారు. ఎరిగినవారికి మాత్రం లోపల పూల్‌సింగ్ ఉన్నాడని తెలుసు.

పూల్‌సింగ్‌ది చెరువు కింది లంబాడీ తండా. యౌవనంలోనే సరిహద్దు భద్రతా దళంలో చేరి, ఉద్యోగకాలంలో అధికభాగం రాజస్థాన్ పడమటి కొసన ఇసుకదిబ్బల నడుమ గడిపాడు. పదవీవిరమణ చేసి వచ్చిన పిదప తండాలోని ఇంట్లో కొద్దికాలమే ఉన్నాడు. చేపల సంఘంవారు కావలి మనిషి కోసం వెదకుతున్నారని విని, తానే వెళ్ళి ఆ పని అడిగి పుచ్చుకొన్నాడు. పింఛను వచ్చే మనిషికి ఈ కట్టమీది బతుకు ఏమిటని తండా అంతా ఆశ్చర్యపడింది. భార్య పోయిన దుఃఖంతో మతి చలించిందని కొందరు జాలిపడ్డారు కూడా. రాత్రులు కావలి కాస్తాడు కనుక పగలు తలుపు వేసుకొని నిద్రపోతాడని సంఘంవారు సరిపెట్టుకొన్నారు.

అసలు సంగతి వేరు. భార్యతో సగంలో ఆగిపోయిన తగవు ఒకటి అతనికి మిగిలి ఉన్నది. దానిని తేల్చుకొనడానికి ఆ చెరువు తప్ప వేరొక చోటు లేదు.

అతని భార్య పేరు మంగ్లి. వారికి సంతానం కలుగలేదు. సెలవులలో మాత్రమే ఇల్లు చేరే భర్తతో ఆమె కాపురం చేసిన దినాలు బహు తక్కువ. మిగిలినదంతా ఫోను కాపురమే. మొదటి రోజులలో బూర్గంపాడు సెంటరులోని ఫోను దుకాణం ముందు వరుసలో నిలబడి మాట్లాడేది. చేతిఫోను వచ్చిన తరువాత ప్రతి ఆదివారం సాయంత్రం చెరువుకట్ట ఎక్కేది, సిగ్నలు అక్కడే సరిగా అందేది కనుక. ఇద్దరూ స్వభావంచేత మితభాషులు. తిన్నావా, వానలు పడ్డవా, మేక ఈనిందా అనే ప్రశ్నలు అయిపోగానే ఇరువైపులా మౌనం పడేది. ఎవరి ఊపిరి వారికే వినబడేది.

అటువంటి ఒక మౌనంలో, మరేమీ తోచక, పూల్‌సింగ్ తన గుడారం దగ్గర సజ్జగింజలకు వచ్చే ఎడారి ఎలుక సంగతి చెప్పాడు. అది ఇసుకరంగులో ఉంటుందని, దాని తోక ఒంటికన్న పొడవని, తోక చివర చిన్న కుచ్చు ఉంటుందని, పుట్టినది మొదలు చచ్చేదాకా నీళ్ళు తాగకుండానే బతకగలదని వర్ణించాడు. మంగ్లి అంతా విని, తన చెరువులో ఒక పిట్ట ఉన్నదని, దానికి అసలు తోకే లేదని, అది నీళ్ళు విడిచి గట్టుకు రాదని జవాబు చెప్పింది. ఆ పిట్టను ఆ ప్రాంతంలో మునుగుడుకోడి అంటారు. పిడికెడంత గుండ్రటి పక్షి. మనిషి అలికిడి కాగానే బుడుంగున మునిగి, ఎవరూ ఊహించని చోట తేలుతుంది.

నాటినుండి అది వారికి ఆట అయింది. అతడు ఎలుక గొప్ప ఒకటి చెబితే, దానికి సరితూగే గొప్ప ఆమె పిట్టలో చూపాలి. లేదా ఆమె చెప్పినదానికి అతడు ఎలుకలో చూపాలి. చూపలేనివారు ఓడినట్టు. ఓడినవారు మరుసటి ఆదివారం ముందుగా మాట ఎత్తాలి. మాట ఎత్తడమే కష్టమైన ఆ దంపతులకు అంతకు మించిన శిక్ష లేదు.

ఎలుక అరికాళ్ళకు ఇసుక కాలకుండా వెంట్రుకలు ఉంటాయని అతడన్నాడు. పిట్ట కాళ్ళు ఒంటికి చిట్టచివర ఉంటాయని, వేళ్ళకు ఆకులవంటి తోలురేకులు ఉంటాయని, అందుకే అది నీటిలో చేప, నేలమీద కుంటిదని ఆమె అన్నది. ఎలుక గుడారపు తాడుమీదికి ఎగిరి దూకుతుందని అతడంటే, పిట్ట నీటిమీద టపటపా పరుగెత్తుతుందని ఆమె. పిల్లలను వీపున ఎక్కించుకొని ఈదుతుందని ఆమె చెప్పినప్పుడు అతడు ఎంత ఆలోచించినా ఎలుకలో దానికి జోడు దొరకలేదు. ఓడిపోయాడు. తన ఈకలు తానే పీక్కొని తింటుందని చెప్పినప్పుడు మాత్రం నమ్మలేదు. అప్పుడు మంగ్లి, కట్టమీద మేకలు తోలుకొనిపోతున్న జంపక్కను పిలిచి ఫోను చేతికిచ్చింది. జంపక్క పక్క గూడెపు కోయ స్త్రీ, మంగ్లికన్న పెద్దది, ఆమెను చెల్లె అని పిలిచేది.

"అవ్ మరిదీ, తింటది. నా కండ్లతోటి చూసిన. మా చెల్లె మీద గంత అనుమానమైతే నౌకరీ ఇడిసిపెట్టి ఇంటికి రారాదు?" అని జంపక్క సాక్ష్యం చెప్పింది. ఆ వారమూ అతడే ఓడాడు.

సరిహద్దులో పూల్‌సింగ్ పని అడుగులు చదవడం. కంచె వెంట చదును చేసిన ఇసుకపట్టీ ఉంటుంది. తెల్లవారగానే దానివెంట నడిచి, రాత్రి ఆ దారిన ఏ ప్రాణి దాటిందో గుర్తులనుబట్టి చెప్పాలి. నక్క, పాము, ఒంటె, మనిషి, ఏది ఎటునుండి ఎటు పోయిందో అతడు చెప్పితే పైవారు మారుమాట లేకుండా రాసుకొనేవారు. ఎడారి ఎలుక ఇంటి మర్మం కూడా అతడు ఆ అడుగుల వెంట పోయి కనుగొన్నదే. పదవీవిరమణకు కొద్దినెలల ముందు, ఒక ఆదివారం, గెలుపు తనదేనన్న ధీమాతో దానిని మంగ్లికి చెప్పాడు. తెల్లవారేసరికి ఎలుక తన బొరియలోకి పోయి, లోపలినుండి ఇసుక నెట్టి ద్వారం మూసుకొంటుంది. పైనుండి చూసేవారికి అక్కడ ఇల్లు ఉన్నదనే తోచదు. తెరిచి ఉన్న బొరియ కనబడితే అది విడిచిపోయిన ఇల్లు. మూసి ఉంటే లోపల ప్రాణి ఉన్నట్టు.

మంగ్లి ఒక్క క్షణం ఆగి, తన పిట్ట కూడా తలుపు మూస్తుందని, గుడ్లున్న గూడు విడిచి పోయేటప్పుడు బయటినుండి మూసి మరీ పోతుందని అన్నది. పూల్‌సింగ్ పకపక నవ్వాడు. పిట్టగూటికి తలుపు ఎక్కడిదన్నాడు. ఓడిపోవడం ఇష్టంలేక అప్పటికప్పుడు అబద్ధం అల్లుతున్నావన్నాడు. ఆమెకు కోపం వచ్చింది.

"నువ్వొచ్చి నీ కండ్లతో చూసేదాకా నేను మాట్లాడ," అన్నది తమ తండా భాషలో. అని ఫోను పెట్టేసింది.

అది ఆటలో భాగమైన కోపమే. కాని మరుసటి ఆదివారం ఫోను మోగలేదు. వానకాలపు జ్వరం పట్టుకొని మంగ్లిని భద్రాచలం దవాఖానాకు తీసుకొనిపోయారని వేరెవరో కబురు చేశారు. సెలవు దొరికి, రైళ్ళు మారి అతడు చేరుకొనేసరికి తండావారు ఆమె అంత్యక్రియలు ముగించి తిరిగివచ్చారు. వారి మధ్య నడిచిన చివరి మాట అతడు ఆమెను అబద్ధాలకోరు అనడం. ఆమె తిరిగి చెప్పిన చివరి మాట, వచ్చి చూడమని. చూడకుండా ఉంటే ఆ మాట అక్కడే నిలిచిపోతుంది. అందుకే పూల్‌సింగ్ కట్టమీదికి వచ్చాడు.

వచ్చిన కొత్తలో జంపక్కను అడిగి చూశాడు. ఈకలు తినడం, పిల్లలను మోయడం తాను చూశానని, తలుపు మూయడం మాత్రం చూడలేదని ఆమె నిజమే చెప్పింది. మంగ్లి చాపలకోసం తుంగ కోయడానికి మెడలోతు నీటిలోకి దిగేదని, తాను ఏనాడూ కట్ట దిగలేదని కూడా చెప్పింది. తరువాత అతడు ఎవరినీ అడగలేదు. వానకాలం వచ్చినప్పుడల్లా తెప్ప వేసుకొని ఉత్తరపు మూలకు పోయేవాడు. అక్కడ తుంగ, జమ్ము దట్టంగా పెరిగి, వాటి నడుమ నాచు పేరుకొని ఉంటుంది. మునుగుడుకోడి అక్కడే తిరిగేది. దాని మెడ ఆ ఋతువులో ఇటుకరంగుకు తిరిగేది. దాని కూత, ఎవరో లోలోపల నవ్వు ఆపుకోలేక నవ్వినట్టు, గడ్డి నడుమనుండి గలగలా వచ్చేది. తెప్ప సమీపించగానే ఆ నవ్వు ఆగిపోయేది. నీటిమీద ఒక వలయం మాత్రం మిగిలేది.

జీవితమంతా అడుగులు చదివిన మనిషికి అది విచిత్రమైన శిక్ష అయింది. నీటిమీద అడుగు నిలవదు. పిట్ట మునిగిన చోటికీ తేలిన చోటికీ నడుమ దారి లేదు. గూళ్ళు మాత్రం అతనికి కనబడినట్టే కనబడి కాకుండా పోయేవి. తుంగదుబ్బులకు ఆనుకొని అక్కడక్కడ తేలే నాచుకుప్పలు ఉండేవి. నల్లగా, తడిగా, కుళ్ళువాసనతో ఉండేవి. వాటిపైన గుడ్డు గాని, ఈక గాని లేదు. తెప్పమీద నిలబడి వాటిని తేరిపార చూసి, ఇవి ఉట్టి చెత్త అని నిశ్చయించుకొని వెనుదిరిగేవాడు. అటువంటి వానకాలాలు గడిచేకొద్దీ అతనిలో ఒక అనుమానం బలపడింది. మంగ్లి నిజంగానే అబద్ధమాడిందేమో. పగలు తలుపు మూసుకొని పడుకొన్నా నిద్ర పట్టనిది ఆ అనుమానంవల్లనే.

ప్రతిదినం మేకలను మళ్ళించుకొనిపోతూ జంపక్క ఆ మూసిన తలుపు ముందు ఆగి, "ఉన్నవా మరిదీ?" అని అడిగేది. లోపలినుండి "ఊఁ" అని వచ్చేది. అంతకుమించి ఎన్నడూ రాలేదు. ఆమె కూడా అంతటితో తృప్తిపడి మేకల వెంట పోయేది.

ఈ ఏడు తొలకరి వానలకు చెరువు నిండగానే చేపల సంఘంలో ఒక తీర్మానం జరిగింది. చేపపిల్లలను వదలకముందే ఉత్తరపు మూలలోని తుంగ, నాచు సమూలంగా తీసివేయాలని పెద్దలు నిర్ణయించారు. పూల్‌సింగ్ వెళ్ళి సంఘం అధ్యక్షుడు భద్రయ్యను కలుసుకొని, ఆ మూలను వానకాలం ముగిసేదాకా విడిచిపెట్టమని అడిగాడు. అతడు నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు. కారణం ఏమిటంటే పిట్టలున్నాయని మాత్రం చెప్పాడు. భద్రయ్య చెడ్డవాడు కాడు. నవ్వుతాలు మనిషి.

"ఏందన్నా, చేపలకు కావలి పెట్టుకుంటే నువ్వు చెత్తకు కావలి కాస్తున్నవా?" అన్నాడు. అయినా అతని మాట కాదనలేక, గుడ్లున్న గూడు ఒక్కటి చూపిస్తే ఆలోచిద్దామని తెప్ప ఎక్కాడు.

ఇద్దరూ ఆ మూలనంతా తిరిగారు. నవ్వుకూత ఆగిపోయింది, వలయం తేలింది, పిట్ట కనబడలేదు. భద్రయ్య ఒకటి రెండు కుప్పలను దూరంనుండే గడతో చూపి, వీటిలో ఏముందని అడిగాడు. పూల్‌సింగ్ కళ్ళు అన్నేళ్ళుగా చూసినదే భద్రయ్య కళ్ళూ చూశాయి. పని మరునాడే మొదలుపెడదామని భద్రయ్య అన్నప్పుడు పూల్‌సింగ్ తల ఊపాడు. తెప్ప నడపడం అతనికే అలవాటు కనుక ముందు కుప్పలను లాగే పని అతనిమీదే పడింది.

మరునాటి ఉదయం గూడెంవారు, తండావారు కొడవళ్ళతో నీటిలోకి దిగారు. పూల్‌సింగ్ వెదురుగడకు కొక్కెం కట్టుకొని తెప్పమీద ముందు నడిచాడు. మొదటి కుప్పకు కొక్కెం తగిలించి లాగాడు. అది తేలికగా కదలలేదు. తుంగకాడలకు చుట్టి ఎవరో కట్టినట్టు బిగిసి ఉన్నది. మరికొంత బలంగా లాగితే కాడలు తెగి, కుప్ప ఒక పక్కకు ఒరిగింది. పైనున్న నల్లని నాచు దుప్పటివలె జారిపోయింది. దాని కింద పల్లంలో, ఒకదానికొకటి ఒరుసుకొని, నాచుమరకలతో మట్టిరంగుకు తిరిగిన గుడ్లు ఉన్నాయి.

పూల్‌సింగ్ గడ విడిచి మోకాళ్ళమీద కూర్చొన్నాడు. ఒక గుడ్డుమీద వేలు ఆనించాడు. వెచ్చగా ఉన్నది. జారిన నాచు చేతిలోకి తీసుకొని చూశాడు. అది గాలికి వచ్చి పడిన చెత్త కాదు. అంచులనుండి లోపలికి ముక్కుతో తెచ్చి, పొరమీద పొర పరిచి కప్పినది. మూసి ఉంటే లోపల ప్రాణి ఉన్నట్టని అతడే చెప్పాడు. ఇసుకమీద ఏనాడూ పొరబడని ఆ మాటను నీటిమీద అతడు ఒక్కసారైనా తలచుకోలేదు. తెరిచి ఉన్న గూటికోసం వెదకి వెదకి, మూసి ఉన్న గూళ్ళన్నిటి ముందునుండీ వెనుదిరిగి పోయాడు. చివరికి ఒకదానిని తన కొక్కెంతోనే పెకలించాడు.

భద్రయ్యను పిలిచి చూపించాడు. భద్రయ్య వంగి చూసి, ఈసారి హాస్యమాడలేదు. "సరే, ఈ మూల ఇడిసిపెట్టుండ్రి. గీ జరంత జాగతోని చేపలకేం తక్కువైతది," అని కూలీలను అవతలి వైపు పంపించాడు.

పూల్‌సింగ్ కుప్పను మెల్లగా నెట్టుకొనిపోయి, మునుపటి దుబ్బు పక్కనే చేర్చి, తుంగకాడలు మెలిపెట్టి కట్టాడు. అందిన పచ్చినాచు తెచ్చి గుడ్లమీద కప్పాడు. అతని చేతికి ఆ పనితనం రాలేదు. కప్పు ఎత్తుగా, గడ్డివామివలె వచ్చింది. తరువాత కట్టమీదికి వచ్చి కూర్చొని చూడసాగాడు.

చాలాసేపటికి పిట్ట దూరంగా తేలింది. కుప్పవైపు కొంత ఈదింది. కట్టమీద మనిషిని చూసి మునిగిపోయింది. మళ్ళీ తేలింది, మళ్ళీ మునిగింది. మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. గుడ్లు చల్లబడిపోతే, మంగ్లి మాట నిజమని తెలుసుకొనడానికి మంగ్లి పిట్ట సంసారాన్ని తాను పాడుచేసినట్టవుతుంది. ఏళ్ళతరబడి అతడు కోరినది ఒక్కటే, ఆ పిట్ట తన గూడు తెరవడం, మూయడం కంటితో చూడాలని. ఇప్పుడు అది జరగవలసిన వేళ వచ్చింది. అతడు చూస్తున్నంతసేపు అది జరగదు.

పూల్‌సింగ్ లేచాడు. చెరువువైపు మళ్ళీ చూడకుండా గదిలోకి పోయి తలుపు మూసుకొన్నాడు. ఇంకా ఎండ పోలేదు. రేకుల సందునుండి వెలుతురు గీత నేలమీద పడి మెల్లగా జరుగుతుండగా, దానిని చూస్తూ కూర్చొన్నాడు. నవ్వుకూత కోసం చెవులు రిక్కించాడు. కట్ట అవతల మేకల గంటలు తప్ప మరేమీ వినబడలేదు.

ఉదయం తెప్పమీద దూరంగానే పోయి ఆగాడు. కుప్ప కట్టిన చోటనే ఉన్నది. తాను కప్పిన పచ్చినాచు అంచులకు నెట్టబడి, వాడిపోయి నీటిలోకి వేలాడుతున్నది. నడుమ మాత్రం చదునుగా, నీళ్ళు కారుతూ, కిందినుండి కొత్తగా తెచ్చిన నల్లని నాచు పరిచి ఉన్నది. గూడు తెరిచి, మళ్ళీ మూసి పోయినట్టు అక్కడ రాసినంత స్పష్టంగా ఉన్నది. గుడ్లు ఉన్నాయో లేవో చేయి చాపితే తెలిసేది. అతడు చాపలేదు. గడ వెనుకకు వేసి తెప్పను తిప్పుకొన్నాడు.

ఆ వచ్చిన ఆదివారం సాయంత్రం పూల్‌సింగ్ గది తలుపు తెరిచి, గడప ముందు గోనెపట్టా పరుచుకొని కూర్చొన్నాడు. ఆట నియమం ప్రకారం అతడు ఓడాడు. ముందుగా మాట ఎత్తవలసినది అతడు. ఎదుట నీరు తప్ప ఎవరూ లేరు. ఫోను చేతిలో పట్టుకొని, కొంతసేపు చూసి, పక్కన పెట్టాడు. ఇంతలో మేకలను మళ్ళించుకొని జంపక్క వచ్చింది. అలవాటు చొప్పున "ఉన్నవా" అనబోయి, తెరిచిన తలుపును, బయట కూర్చొన్న మనిషిని చూసి ఆగిపోయింది.

"జంపక్కా, జర కూసో," అన్నాడు పూల్‌సింగ్. "ఎడారిల ఒక ఎలుక ఉంటది."

జంపక్క కర్రను గోడకు ఆనించి కూర్చొన్నది. "నాకెరుకే. నీళ్ళు తాగదు. కాళ్ళకింద బొచ్చుంటది. తోక కొసకు కుచ్చుంటది. చెల్లె ఫోను పెట్టేసినంక ఆ ముచ్చటంత మల్ల నాకు చెప్పేది."

అని ఆమె ఒక్కొక్కటిగా చెప్పుకొనిపోయింది. సజ్జగింజలు, గుడారపు తాడు, ఇసుక తలుపు. అతడు చెప్పి మరిచిపోయినవి కూడా ఆమెకు జ్ఞాపకం ఉన్నాయి. ఎడారిని బొమ్మలోనైనా చూడని ఆ స్త్రీ నోట ఆ ఎలుక ప్రాణంతో తిరుగుతున్నది. పూల్‌సింగ్ తల వంచుకొని వింటున్నాడు.

"పొద్దుగూకే యాళ్ళకు దిబ్బ ఎక్కి, ఇంటి దిక్కు జూసుకుంట కూసుంటదట గద మరిదీ, నిజమేనా?" అని అడిగింది జంపక్క.

ఎలుక అటువంటి పని ఎన్నడూ చేయదు. అతడు ఎలుకను గురించి ఆ మాట చెప్పలేదు. ఎప్పుడో ఒక ఆదివారం, ఇప్పుడేమి చేస్తున్నావని మంగ్లి అడిగితే, తనను గురించి చెప్పాడు.

అడవివైపు వెలుగు తగ్గింది. ఉత్తరపు మూలలో తుంగ కదిలిందో, గాలికి కదిలినట్టు తోచిందో తెలియలేదు.

"అవ్ జంపక్కా," అన్నాడు పూల్‌సింగ్. "కూసుంటది."